చిల్లపెంకల గడ్డ మీద నీళ్ళు

మా ఊరు నాకంటే చిన్నది. దాని కింది నేల ఎంత పాతదో చెప్పడానికి మాత్రం ఎవరూ మిగల్లేదు. మంజీర మీద సర్కారు పెద్ద కట్ట కట్టినప్పుడు మా పాత ఊరు మునిగిపోయింది. ఎల్లారెడ్డి వైపు ఎత్తైన గడ్డ ఒకటి చూసి, ఇక జన్మలో నీళ్ళు మన గడప తొక్కవని చెప్పి పటేలు మమ్మల్నందరినీ దాని మీదికి ఎక్కించాడు. ఆయన మాట అక్షరాలా నిజమైంది. నీళ్ళు మా గడప తొక్కలేదు. మా బావుల్లోకి కూడా రాలేదు.

పునాదికి ఎక్కడ తవ్వినా చిల్లపెంకలే. ఎర్రవి, నల్లవి, గీతలున్నవి, చేసినవాడి బొటనవేలు అచ్చుపడ్డవి. ఎవరో మాకు ముందే అక్కడ కాపురాలు చేసి పోయారు. ఒకరిద్దరు లంకెబిందెలు దొరుకుతాయని ఆశపడ్డారు. బిందెలు దొరికాయి, ముక్కలుగా, అవీ మట్టివి. అన్నిటినీ తట్టలకెత్తి ఊరికి పడమట ఉన్న గుంతలో పారబోశాం. మాకు పేరు పెట్టే శ్రమ పక్క ఊరివాళ్ళు తీసుకున్నారు: చిల్లపెంకలోళ్ళు.

ఆడవాళ్ళు తాగే నీళ్ళకు కట్ట నీళ్ళదాకా నడిచేవాళ్ళు. ఎండాకాలం ఆ నీళ్ళు ఇంకా వెనక్కి జరిగేవి. మా పాత ఊరి మొండిగోడలు స్నానం చేసి ఒళ్ళు ఆరబెట్టుకుంటున్నట్టు బయటపడేవి. గడ్డ మీద తవ్విన మొదటి బావిలో బండ తగిలింది. రెండో బావికి పటేలు మేకపోతును బలిచ్చాడు. కూర బాగుంది. బావిలో మళ్ళీ బండే.

ఆ సాయంత్రం పటేలు ఇంటి ముందు ఊరంతా చేరింది. ఊరు విడిచి పోదామని ఆయన విప్పించిన ఇంటికప్పు దూలాలు అప్పటికే సగం బండి మీదున్నాయి. పటేలు పోతే ఊరు పోయినట్టే. ఇంటికో చుట్టాల ఊరికి చెదిరిపోతాం. పాత ఊరు మునిగినప్పుడు ఏడవని మా నాయనమ్మ, మేమంతా అవ్వ అని పిలిచే మనిషి, ఆరోజు కొంగు నోట్లో కుక్కుకుంది.

"గిది బతుకనిచ్చే జాగ కాదు," అన్నాడు పటేలు తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుంటూ. "గీడ మనిషనేటోడు ఎన్నడూ బతుకలే."

అందరూ తలలు వంచుకున్నారు. చావుకు వచ్చినట్టున్న ఆ వాలకం నాకు పడక నోరు తెరిచాను.

"మనుషులు బతుకకపోతే గిన్ని కుండలు ఎవరు పలగొట్టిన్రు పటేలా? కోతులా?"

కొందరు నవ్వారు. మా బాపు నవ్వలేదు. "నోరు ముయ్యిరా! పెద్దల నడుమ నీ ముచ్చటేంది?"

అవ్వ కొంగు నోట్లోంచి తీసింది. "పోరడు తమాషకన్నా, గా మాట నిజమే. కుండ ఇంట్ల కూసుంటే పలుగుతదా? పలిగేది బాయికాడ. నేను పలగొట్టినయన్నీ బాయికాడనే."

"మరి బర్రె తన్నిందని చెప్పేదానివి గదనే!" అన్నాడు బాపు.

"అది మీ నాయినకు చెప్పిన ముచ్చట."

పటేలు విసుక్కున్నాడు. "పెంకలు ఎక్కువున్నది పడమటి గుంతల. గవి మనం పారబోసినయే గదా అవ్వా."

"మీరు పారబోయకముందు గాడ గుంత ఎందుకున్నది పటేలా?"

అందరి తలలూ పడమటికి తిరిగాయి. ఇన్నేళ్ళుగా మా బావిని మేమే, తట్ట తప్పకుండా, పూడుస్తూ వచ్చామేమో!

పొద్దున్నే గుంతలో దిగాం. మోసి పోసిన పెంకలన్నీ మళ్ళీ మోసి పైకి పోశాం. వాటి కింద బావి గోడకు దించే కాల్చిన మట్టి ఒరలు బయటపడ్డాయి, ఒకదాని మీద ఒకటి, ఇంకా గుండ్రంగానే ఉన్నాయి. ఒరల లోపలి మట్టి తోడుతూ పోతుంటే ఒకచోట బాపు కాలు చీలమండదాకా దిగింది. నన్ను నోరు ముయ్యమన్న మనిషి గడ్డ అదిరేలా అరిచాడు: "తడి! తడిరా!"

నీళ్ళు తేటబడ్డాక డప్పులు పెట్టారు. చూడ్డానికి పక్క ఊరివాళ్ళు కూడా వచ్చారు, ఎందుకైనా మంచిదని ఖాళీ కుండలతో. మొదటి కుండ తానే మోస్తానన్నాడు పటేలు. కొత్త ధోవతి, కొత్త తలపాగా. కుండ భుజానికెత్తుకొని, దేవుణ్ణి ఊరేగించినట్టు ఒక్కడుగు వేసి, ఒడ్డు మీది బురదలో జారాడు. కుండ వెయ్యి ముక్కలైంది.

డప్పు ఆగింది. అందరం ఆయన ముఖం వైపే చూశాం. అపశకునం అని ఆయన ఒక్క మాటంటే బండ్లు కదులుతాయి.

"పలిగిందా?" అంది అవ్వ. "మంచిగైంది. ఇగ మనం గూడ గీ ఊరోళ్ళమైనం."

ముందుగా నవ్వింది పటేలే, బురదలో కూర్చునే. తర్వాత నా వైపు చూశాడు. "నువ్వేందిరా పండ్లికిలిస్తున్నవు? పో, బండి మీది దూలాలు దించుపో."

నేనొక్కణ్ణే పోలేదు. ఎక్కించేటప్పుడు ఒక్కరూ చెయ్యి వెయ్యని ఆ దూలాలను దించడానికి ఊరంతా డప్పులతో వచ్చింది.