పడవ దగ్గర రెండంగుళాలు

ఎమ్యూజ్‌మెంట్ పార్కులో పని అంటే అందరూ ఒకేలా నవ్వుతారు. "నీకేటి బావా, రోజూ తిరనాళ్లే కదేటి" అని మా ఊరివాళ్లు ఇప్పటికీ అంటారు. ఆ మాట అన్న ప్రతి ఒక్కరూ నాకు గుర్తున్నారు. మే నెల ఎండలో గచ్చు మీద తొమ్మిది గంటలు నిలబడి చూస్తే తెలుస్తుంది. కూర్చుంటే తప్పు, స్తంభానికి ఆనుకుంటే తప్పు, ముఖం మీద నవ్వు లేకపోతే అన్నిటికంటే పెద్ద తప్పు. నీళ్లు తాగి రావాలంటే మన బదులు ఇంకొకడు వచ్చి మీట దగ్గర నిలబడాలి. ఆ ఇంకొకడు ఎప్పుడూ రాడు.

సబ్బవరం రోడ్డులో ఉన్న మా పార్కులో నేను ఆరేళ్లు పడవ నడిపాను. నీళ్లలో తేలే పడవ కాదు. రెండు ఇనప స్తంభాల మధ్య వేలాడుతూ ఇటూ అటూ ఊగే పెద్ద పడవ. వరసకు నలుగురు కూర్చున్నాక వాళ్ల ఒళ్లో అడ్డంగా ఒకటే కడ్డీ దిగుతుంది. అది పెద్దవాళ్ల తొడల మీద ఆగిపోతుంది. పక్కన కూర్చున్న చిన్నపిల్లకు మాత్రం ఆనదు, మధ్యలో సందు మిగులుతుంది. అందుకే నాలుగడుగుల కంటే పొట్టి పిల్లల్ని ఎక్కించకూడదు. మెట్ల పక్కన స్తంభానికి చెక్కతో చేసిన చేప బొమ్మ బిగించి ఉంటుంది. దాని ముక్కు నేల నుంచి సరిగ్గా నాలుగడుగులు. దాని కింద నిలబడిన పిల్లల తల ముక్కుకు తగిలితే ఎక్కవచ్చు, తగలకపోతే లేదు.

నా ఉద్యోగంలో సగం ఆ ముక్కు కింద తగాదాలే. తండ్రులు మునివేళ్ల మీద లేవమని పిల్లలకు సైగ చేస్తారు. తల్లులు జుట్టంతా నడినెత్తిన ముడి వేసి తీసుకొస్తారు. ఒకాయన కూతురి బూట్లలో రెండు జేబురుమాళ్లు మడిచి పెట్టాడు. అందుకే నేను చెప్పులు విప్పించి, మడమలు నేలకు ఆనించి, జుట్టు అరచేత్తో అణిచి కొలిచేవాణ్ణి. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. ఇలా చేస్తున్నందుకు ఎవరూ మెచ్చుకోనూ లేదు.

పోయిన వేసవి మొదట్లో, గచ్చు కాలిపోతోందని సందర్శకులు ఫిర్యాదు చేశారట. ఆరేళ్లుగా మా కాళ్లు కాలినప్పుడు అది ఫిర్యాదు కాలేదు. సరే, పడవ చుట్టూ పాత గచ్చు మీదే సిమెంటు పోసి తెల్ల టైల్స్ వేశారు. ఆ ఆదివారం సీతమ్మధార నుంచి తరచూ వచ్చే కుటుంబం వచ్చింది. వాళ్ల చిన్నమ్మాయిని అంతకు ముందు వారమే తల తగలక వెనక్కి పంపాను. ఈసారి చక్కగా తగిలింది. వారంలో ఏ పిల్లా అంత ఎదగదు. టేపు తెచ్చి కొలిచాను. నేల రెండంగుళాలు లేచింది. చేప ఎక్కడిది అక్కడే ఉంది.

మా మెకానిక్ భాయ్ పట్నంలో పాత ఊరి మనిషి, నా కంటే పదేళ్లు పెద్ద. అతన్ని పిలిచి చూపించాను. మళ్లీ కొలిచి తల గోక్కున్నాడు.

"నిజమే తమ్ముడూ. నేల లేపినోళ్లు సేపని లేపడం మర్సిపోనారు."

రెండు మేకులు పీకి, రెండంగుళాల పైన రెండు చిల్లులు పెట్టే పని. పది నిమిషాలు చాలు. భాయ్ డ్రిల్లు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. అయినా అడగకుండా బొమ్మ ముట్టుకుంటే తప్పు కదా అని నేనే మేనేజరు దగ్గరికి వెళ్లాను. ఆయన ఫోను లోంచి తల ఎత్తలేదు.

"రెండంగుళాలకి ఏమవుతుందయ్యా?"

"కడ్డీ కింద నుంచి పిల్ల జారిపోడానికి ఆ రెండంగుళాలే సాలు సార్. నాను సెప్తన్నాను, ఇయ్యాలే ఎత్తించండి."

"బోర్డులన్నీ హెడ్డాఫీసు డిజైను. వాళ్లకి రాస్తాలే. నీ పని నువ్వు చూసుకో."

నా పనే చూసుకున్నాను. ముక్కుకు రెండంగుళాల పైన స్తంభం మీద పెన్సిలుతో గీత గీసి, ఆ గీత ప్రకారం పిల్లల్ని ఆపాను. తర్వాతి ఆదివారం సీతమ్మధార అమ్మాయిని మళ్లీ ఆపవలసి వచ్చింది. వాళ్లమ్మకు కోపం వచ్చింది.

"బొమ్మకి తగిలింది కదా, మధ్యలో నీ గీతేంటి? పార్కు వాళ్లకంటే నీకెక్కువ తెలుసా?"

"ఈ ఇసయంలో తెలుసమ్మా" అన్నాను.

అదే నా నేరం. గంటలో మేనేజరు వచ్చి, వరసలో ఉన్న అందరి ముందూ సారీ చెప్పమన్నాడు. చెప్పలేదు. ఆయనే నా తరఫున చెప్పి, ఆ పిల్లను తన చేత్తో పడవ ఎక్కించాడు. పడవ ఆగేదాకా నేను ఆ పిల్ల ఒళ్లోని కడ్డీ మీంచి చూపు తిప్పలేదు. నా గీత తుడిపించేశాడు. మర్నాడు నన్ను తాబేల్లో వేశారు.

తాబేలంటే పిల్లలతో ఫొటోలు దిగే వేషం. వీపు మీద స్పాంజి డిప్ప, చేతులకు రెక్కలు, భుజాల దాకా దిగే తల. నోట్లో ఉన్న జల్లెడ గుడ్డలోంచి మాత్రమే బయటి లోకం కనిపిస్తుంది. మన కంటే ముందు దాన్ని తొడుక్కున్నవాళ్లందరి చెమటా అందులోనే ఉంటుంది. పిల్లలు తోస్తారు, గిల్లుతారు. వాళ్ల నాన్నలు డిప్ప మీద గట్టిగా చరిచి ఫొటోకి నవ్వుతారు. అందులో ఉండగా మాట్లాడకూడదు. జనం ముందు తల అసలు తీయకూడదు. చదువుకున్న మనిషిని, ఆరేళ్ల అనుభవం ఉన్నవాణ్ణి, నోరు మూయించడానికి అంతకంటే మంచి చోటు ఆ పార్కులో లేదు.

నన్ను నిలబెట్టింది కూడా పడవ ఎదురుగానే. కొత్తగా వచ్చిన ఆపరేటరు చేప ముక్కునే నమ్మాడు. అతని తప్పేముంది? జల్లెడలోంచి ఒక్కొక్క పొట్టి పిల్లా మెట్లెక్కడం చూస్తూ నిలబడ్డాను. భాయ్ వీలైనప్పుడల్లా వచ్చి కడ్డీలు చేత్తో లాగి చూసేవాడు. మేనేజరును రెండుసార్లు అడిగాను. "రాశానన్నాను కదా" అన్నాడు. భాయ్ ఆఫీసులో వాకబు చేస్తే అలాంటి ఉత్తరమేదీ వెళ్లలేదు.

అలా పదిరోజులు గడిచాక లైసెన్సు తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. మేనేజరు ఆయన పక్కనే నడుస్తూ కొబ్బరినీళ్లు అందిస్తున్నాడు. అధికారి పడవ చుట్టూ ఒకసారి తిరిగి, బాగుందన్నట్టు తలూపి వెళ్లిపోతున్నాడు. నేను వెళ్లి అడ్డంగా నిలబడ్డాను. ఫొటోకి అనుకుని ఆయన నవ్వాడు. తాబేలు తల తీసేశాను. పక్కనున్న పాప ఒకతి కెవ్వున ఏడ్చింది.

"సార్, ఆ సేప ముక్కు నేల నుంచి ఎంతెత్తుందో ఓసారి కొలిపించండి."

"ఎండకి వీడికి..." అని మేనేజరు నవ్వబోయాడు. అధికారి నవ్వలేదు. చెమట కారుతున్న నా ముఖం చూసి తన మనిషితో కొలిపించాడు. మూడడుగుల పది అంగుళాలు. బోర్డు సరిచేసేదాకా పడవ ఆపమన్నాడు. భాయ్‌కి పది నిమిషాలు కూడా పట్టలేదు. డ్రిల్లు సర్దుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"తాబేలు బయపడితే తల లోపలికి లాక్కుంటాది తమ్ముడూ. నువ్వేటి, ఊడదీసి సంకలో పెట్టుకున్నావు!"

మర్నాడు నాకు మెమో ఇచ్చారు. సందర్శకుల సమక్షంలో వేషం తల తొలగించి, చిన్నారులను భయపెట్టినందుకు సంజాయిషీ కోరుతూ. టైల్స్ గురించి అందులో ఒక్క అక్షరం లేదు. మేనేజరు తలుపు వేసి మెత్తగా చెప్పాడు.

"ఎండకి కళ్లు తిరిగి తీశానని రాసెయ్. రేపే మళ్లీ పడవ మీద వేస్తా."

"రాసీ తమ్ముడూ, ఒక్క ముక్కే కదా" అని భాయ్ కూడా బతిమాలాడు. నేను ఒప్పుకోలేదు. నాకు కళ్లు తిరగలేదు. కళ్లు సరిగ్గా పనిచేశాయి కాబట్టే తల తీశాను. రేపు ఇంకోచోట నేల ఎత్తితే, ఈ ఫైలు తెరిచినవాడికి ఏం జరిగిందో తెలియాలి. కళ్లు తిరిగాయని రాస్తే తెలిసేదేముంది?

నేల ఎప్పుడు లేచింది, ఎవరికి చెప్పాను, ఆయన ఏమన్నాడు, అన్నీ ఒక పేజీలో రాశాను. రెండు కాపీలు మేనేజరు దగ్గరికి తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం పెట్టమన్నాను. అక్కడ పెట్టి వెళ్లమన్నాడు. పెట్టలేదు, వెనక్కి తెచ్చుకున్నాను. డ్యూటీ ఎక్కే ముందు రోజూ ఆ రెండు కాపీలతో ఆయన గది ముందు నిలబడతాను. ఈ రోజు కూడా ఆయన సంతకం పెట్టలేదు. నేను తాబేలు తొడుక్కోవడానికి వెళ్లాను.