నాన్న బండి రంగు

బొహుమీర్ బ్ర్నో నగరంలో ట్రాము నడిపి రిటైరయ్యాడు. చేతిలో పని లేకపోయేసరికి, పల్లెలో కొట్టంలో మూలపడిన తండ్రి మోటారుసైకిలును తెచ్చి విప్పుకు కూర్చున్నాడు. జర్మన్లు దిగిన ఏడు, వాళ్ల కళ్లలో పడకూడదని తండ్రి దాన్నిండా కుంచెతో నల్లరంగు పులిమేశాడట. యుద్ధం అయ్యాక పుట్టిన బొహుమీర్‌కు ఆ నలుపే తెలుసు. కొన్ననాటి రంగులో దాన్ని ఒక్కసారి చూడాలని కోరిక.

పెట్రోలు ట్యాంకు అడుగున అరచేయంత మేర కుంచె తగల్లేదు. గ్రీజు గట్టిపడి కింద ఏ రంగుందో కనిపించలేదు. తను గోకితే ఉన్నది కాస్తా ఊడిపోతుందని, రంగులేసే రదీమ్‌కు ఇచ్చి మరీమరీ చెప్పాడు: “తుప్పు ఊడేలా యంత్రంతో ఇసుక కొట్టించు. ఆ ముక్క జోలికి మాత్రం పోనివ్వకు.”

వారం తిరక్కుండానే రదీమ్ కబురు పెట్టాడు.

“ముందు కూర్చోండి బొహుమీర్ గారూ. టేపు అంటించే పంపాను. ఇసుక కొట్టేవాడు కొత్తవాడు, పీకేశాడు.”

ట్యాంకు వెండిగిన్నెలా మెరుస్తోంది. రంగు లవలేశం లేదు. తిట్టాలనుకున్నాడు బొహుమీర్. ట్యాంకు తిరగేసి ఆ ముక్క కోసం వెతికాడు.

“మీ నాన్నగారు కొన్న ఏడు ఈ బళ్లు ఎరుపులోనూ వచ్చాయి, నీలంలోనూ వచ్చాయి. ఏది వేసినా తప్పు కాదండీ.”

“తప్పు కాకపోవడం వేరు, మా నాన్నది కావడం వేరు.”

“మెరుపు సంగతి నాకొదిలేయండి. ఇప్పటి అద్దంలాంటి పూత వేస్తే సంతలో బొమ్మలా ఉంటుంది. ఆనాటి ఎనామిల్ పూతను పొయ్యిలో కాల్చేవాళ్లు. తడిబట్టతో తుడిచిన పింగాణీలా మెత్తగా మెరిసేది. అది తెప్పిస్తాను. రంగు మాత్రం మీరే చెప్పాలి.”

చెప్పగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు. చిన్నప్పుడు ఆ ట్యాంకు మీద కూర్చుని తిరిగిన అక్క క్వెతా. ఆమె వృద్ధాశ్రమంలో ఉంది. మనుషుల్ని పోల్చుకోవడం ఒకరోజు కుదురుతుంది, ఒకరోజు కుదరదు.

రదీమ్ ఇచ్చిన నమూనా రంగు రేకుల్ని బొహుమీర్ ఆమె దుప్పటి మీద పరిచాడు.

“ఇదేరా,” అని ఎర్రరేకు మీద వేలుపెట్టింది. “చెర్రీపళ్లు తింటూ కూర్చునేదాన్ని. రసం కారినా మరక తెలిసేది కాదు. అమ్మ తిట్టేది కాదు.”

బొహుమీర్ కళ్లు తుడుచుకుని రదీమ్ దగ్గరికి పరుగెత్తాడు. ట్యాంకు ఎర్రగా, అచ్చం రదీమ్ చెప్పిన మెరుపుతో తయారైంది. దాన్ని బొంతలో చుట్టి ట్రాములో అక్క దగ్గరికి మోసుకెళ్లాడు.

క్వెతా చాలాసేపు నిమిరింది.

“బాగుందిరా. ఎవరిది?”

“నాన్నదే అక్కా!”

“నాన్నది నీలంరా పిచ్చి సన్నాసీ. నా పండగ గౌనుకి సరిపోయే నీలం. నాన్న వస్తుంటే వీధి చివర్నుంచే గుర్తుపట్టేదాన్ని.”

“మొన్న ఎరుపన్నావు కదే!”

“నేనా? ఎప్పుడన్నాను?” ఆమె ముఖం చిన్నబోయింది. తను ఏం తప్పు చేసిందో తెలియని పిల్లలా కళ్లలో నీళ్లు తిరిగాయి. “నన్ను కోప్పడకురా బొహుష్,” అంది చిన్నప్పటి ముద్దుపేరుతో.

“లేదక్కా. నీలమే. నేనే తప్పు విన్నాను,” అన్నాడు.

ఇంతలో ఆయా సూపు తెచ్చింది. బొహుమీర్ ట్యాంకును మంచం కిందికి జరిపి, చెంచాతో చల్లారుస్తూ అక్కకు తాగించాడు.