నేను మునగని నీళ్లు

ఏళ్ల తరబడి ఒక మాటను గొంతులో పెట్టుకుని బతుకుతున్నాను. అన్నం తింటున్నాను, వ్యాపారం చేస్తున్నాను, నవ్వుతున్నాను కూడా. ఆ మాట లోపలికి దిగదు, బయటికి రాదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

మాకు పిల్లలు లేరు. లోపం నాది. అందరూ నా భార్యదనుకున్నారు. అనుకోనిచ్చాను.

మాది చిత్తూరులో బెల్లం వ్యాపారం. ఆమె నా మేనమామ కూతురు. పెళ్లయ్యాక కూడా చదువుకుని టీచరైంది. ఎన్నాళ్లకూ కడుపు పండకపోయేసరికి పరీక్షలన్నీ ఆమెకే చేయించారు. ఏ లోపమూ లేదన్నారు. నువ్వు కూడా ఒకసారి చూపించుకో బావా అని ఆమె మెల్లగా అడిగితే తిరుపతికి వెళ్లాను. తోడు వస్తానంటే వద్దన్నాను. మగవాడికేముంటుందిలే అన్న ధీమా.

స్కానింగు గదిలో డాక్టరు తెరను నా వైపు తిప్పారు. రెండు వృషణాల్లోనూ ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు. సున్నం పేరుకుందట. ఇవి ఉన్నవాళ్లందరికీ పిల్లలు పుట్టరని కాదు, కానీ పిల్లలు లేని మగవాళ్లలో ఎక్కువగా కనిపిస్తాయి, పైగా మీ వీర్యంలో కణాలు మరీ తక్కువగా ఉన్నాయి అన్నారు. భయపడొద్దు, దారులున్నాయి, ఈసారి మీ భార్యను కూడా తీసుకురండి అని కూడా అన్నారు. తల ఊపి వచ్చేశాను.

బస్సు చిత్తూరు చేరేలోపే అబద్ధం తయారైంది. చెప్పులు విప్పుతూ, ఆమె ముఖం చూడకుండా, నాకేమీ లేదన్నారని చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకుంది. నేను బాగున్నందుకు నిజంగానే సంతోషించింది.

ఇద్దరిలోనూ లోపం లేకపోతే మరి ఎందుకిలా? దీనికి మా అమ్మ ఒక జవాబు కనిపెట్టింది. చదువు చెడుతుందని కోడలు మొదట్లో కడుపు రాకుండా ఏవో మాత్రలు మింగిందని, గర్భసంచి అందుకే పాడైందని ఇంట్లో అంది, చుట్టాల్లోనూ అంది. సొంత అన్న కూతురినే. చివరికి కాణిపాకం వినాయకుడి గుడిలో ప్రమాణం చెయ్యమంది. కోనేట్లో మునిగి, తడిబట్టలతో ఆ స్వామి ముందు చెప్పిన మాటకు మా వైపు తిరుగులేదు.

నేను అడ్డుపడాల్సింది. ఒక్క మాట చాలు. ఎందుకనలేదు? పరువు కోసమా? అమ్మ ముందు చిన్నబోతాననా? ఎన్ని కారణాలు వెతుక్కున్నా చివరికి నా పిరికితనమే తేలుతుంది.

కోనేటి మెట్ల మీద మా మామ, అంటే ఆమె తండ్రి, నా వైపు చూశాడు.

"బిడ్డ ఒక్కతే యాల? అబ్బోడు గూడా మునిగి చెప్తే సరిపోతాది గదా" అన్నాడు.

ఆమే అడ్డమొచ్చింది.

"వద్దు నాయనా. తనకేం లేదని బావే చెప్పినాడు గదా. బావ మాటకి మళ్లీ ప్రమాణమా?"

పొడి చీర నా చేతికిచ్చి నీళ్లలోకి దిగింది. మునిగి లేచి, తడిబట్టలతోనే స్వామి ముందు నిలబడి, పళ్లు కొట్టుకుంటున్నా తాను ఏ మాత్రా మింగలేదని స్పష్టంగా చెప్పింది. నేను చీర పట్టుకుని నిలబడ్డాను. నేను ప్రమాణం చెయ్యలేదు కాబట్టి దేవుడి ముందు అబద్ధమాడలేదని చాలాకాలం నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. పక్కనే నిలబడి నోరు విప్పకపోవడం అబద్ధం కాక మరేమిటి?

అమ్మ నోరు మూతపడింది. కానీ నా భార్య ఆ రోజు నుంచి, మాత్రలు మింగకపోయినా తన ఒంట్లోనే ఏదో ఉందని నమ్మడం మొదలుపెట్టింది. డాక్టరు చెప్పిన దారులు వయసుతోపాటు మూసుకుపోయాయి. అమ్మ కూడా పోయింది.

మొన్న మా తమ్ముడి కోడలికి సీమంతం. గాజులు ఏరి కొన్నది నా భార్య, పళ్లేల్లో సర్దింది ఆమె. తొడిగే వేళకు మాత్రం కనిపించలేదు. వంటింట్లో గ్లాసులు కడుగుతోంది. రమ్మన్నాను.

"నా చెయ్యి తగలకుంటేనే ఆ బిడ్డకు మంచిది బావా" అంది.

ఏడవలేదు. మామూలుగానే అంది. నీ చేతిలో ఏ దోషమూ లేదు, దోషమంతా నాది అనాల్సిన చోటు అదే. అనలేదు. తడి గ్లాసులు తుడిచిపెట్టి వచ్చేశాను.

ఇప్పుడు మీకు చెప్పాను. గుండెల్లో కాస్త గాలి ఆడుతోంది. అలా ఆడుతున్నందుకూ సిగ్గుగా ఉంది. ముందుగా వినాల్సిన మనిషి పక్కగదిలో పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఆమె ఇంకా నా మాటే నమ్ముతోంది.