తాళంకప్ప మరచిన రెండు సంఖ్యలు

అతణ్ణి ఇంటా బయటా అందరూ తాళంకప్ప అనే పిలిచేవారు. స్కానింగ్ సెంటరులో అతని పనే అది: రోగుల చిత్రాలు పరాయి కంట పడకుండా గుప్తీకరించి వైద్యులకు పంపడం. అందుకు అతడు కేయాస్ సిద్ధాంతాన్ని, అంటే గందరగోళపు గణితాన్ని, నమ్ముకున్నాడు. సున్నాకూ ఒకటికీ నడుమనున్న ఒక సంఖ్యను సూత్రంలో వేస్తే మరో సంఖ్య వస్తుంది. దాన్ని మళ్ళీ అదే సూత్రంలో వేయాలి. అలా పుట్టే వరుస దారీ తెన్నూ లేని నడకలా కనిపిస్తుంది గాని, మొదటి సంఖ్య అదే అయితే నడకా అదే. ఆ వరుసను బట్టి బొమ్మలోని చుక్కల చోట్లనూ రంగులనూ మార్చేస్తే, మిగిలేది ఇసుక చల్లినట్టుండే తెర. మొదటి సంఖ్యలో, దశాంశాల చివరెక్కడో ఒక్క అంకె తప్పినా బొమ్మ తిరిగి రాదు.

అన్న పోయిన కొత్తలో వదిన ఒక కోరిక కోరింది.

"జబ్బులో తీసినవి కూడా ఉన్నాయి ఆ ఫొటోల్లో. ఫోన్ల వెంట ఊరేగకుండా చూడవయ్యా."

"అయితే నీకు తోచిన రెండు సంఖ్యలు చెప్పు, వదినా."

కుట్టుమిషను ఆపకుండానే ఆమె రెండు సంఖ్యలు చెప్పింది. అతడు చిన్నదాన్ని పెద్దదానితో భాగించి, వచ్చినదే మొదటి సంఖ్యగా ఫొటోలన్నిటికీ తాళం వేసి, అసలువాటిని చెరిపేశాడు. తెరపై కనిపించిన 0.5854ను కంఠస్థం చేసి, ఆ రెండు సంఖ్యలనూ మరచిపోయాడు.

కొన్ని నెలలకు తల్లి అడిగింది.

"ఒరేయ్, పెద్దాడి మొహం ఒక్కసారి చూపించరా."

సంఖ్య కొట్టాడు. తెర నిండా ఇసుకే. అప్పుడు తట్టింది. తెర చూపింది కుదించిన సంఖ్య. యంత్రం లోపల వాడినది చాలా పొడవైనది. సెంటరులో పూర్తి సంఖ్యను యంత్రమే దాచుకునేది. ఇంట్లో అతడు తన కంటిని నమ్మాడు.

"కంప్యూటరు రిపేరుకిచ్చానమ్మా."

"అదేం రిపేరురా, నా మోకాళ్ళకంటే మొండిగా ఉందే!"

పుట్టిన తేదీలు, ఇంటి నంబర్లు, తోచినవన్నీ భాగించి చూశాడు. వదినను అడిగితే సరిపోయేది. కాని అడగడమంటే పోగొట్టానని చెప్పుకోవడమే. ఆ ఒక్క పనీ చేయలేదు. తల్లి, పెద్దకొడుకు మొహం చూడకుండానే కన్ను మూసింది.

తరవాత ఒకనాడు వదిన గుడ్డ కత్తిరిస్తూ అంది.

"అత్తయ్య ఫొటో పక్కన ఆయనదీ పెడదాం. ఆ తాళం తియ్యవయ్యా."

"తియ్యలేను, వదినా. అమ్మ అడిగేనాటికే పోగొట్టాను. రిపేరంతా అబద్ధం. నువ్వు చెప్పిన సంఖ్యలు మరచిపోయాను."

కత్తెర ఆగింది.

"మరచిపోతే నన్నడగాలి కదా?"

"ఏదో పనిలో ఉండి చెప్పిన మాట. నీకు మాత్రం గుర్తుంటుందా?"

"ఎందుకుండదు? ఛాతీ నలభై ఒకటి, చెయ్యి ఇరవై నాలుగు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మీ అన్న చొక్కాలు కుట్టింది ఎవరనుకున్నావ్?"

అతడు ఇరవై నాలుగును నలభై ఒకటితో భాగించాడు. ఈసారి, వచ్చిన సంఖ్యను కంటితో చూడకుండా, యంత్రాన్నే తీసుకోనిచ్చాడు. ఇసుక విడిపోయింది. తల్లి భుజం మీద గడ్డం ఆనించి అన్న నవ్వుతున్నాడు, ఆవిడ విదిలించుకుంటోంది.

వదిన కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అతడు తెరను చూడలేక తల దించుకున్నాడు.

"ఆరోజే నిన్ను అడిగుంటే..."

పోనీలే అని ఆమె అనలేదు.

"అవును. అడగాల్సింది," అంది. పక్కనున్న స్టూలు అతని వైపు జరిపింది. "కూర్చో. అత్తయ్య చూడాల్సినవి. ఒక్కటీ వదలకుండా నువ్వే చూపించు."