తారీఖు మార్చని లొరైన్

లొరైన్ పెల్కీకి తప్పు అక్షరం కనబడితే ఒళ్లు మండుతుంది. హోటల్లో మెనూ మీద తప్పున్నా సరే, పెన్ను తీసి దిద్దందే తినదు. బారీ ఊళ్లో మా రాతి షెడ్డులో సమాధి రాళ్లకు పేర్లు గీసేది ఆమే. ఆమె కంప్యూటర్లో గీసిన పేరు ఆఫీసులోని సర్వర్లో ఉంటుంది. షెడ్డు అవతలి కొసనున్న కోత యంత్రం దాన్ని అక్కణ్ణించి తెచ్చుకుని రబ్బరు షీటులో అక్షరాలు కోస్తుంది. ఆ రబ్బరును రాయికి అంటించి, గొట్టంతో జోరుగా ఇసుక కొట్టి అక్షరాలు చెక్కేది నేను. నేను కొట్టాక ఇక దేవుడు కూడా దిద్దలేడు.

కిందటి చలికాలం నుంచి లొరైన్ దిద్దిన పేర్లు కొన్ని దిద్దనట్టే రావడం మొదలైంది. ఆమె దిద్దానంటుంది, రబ్బరు మీద చూస్తే పాత తప్పే ఉంటుంది. సరే చూద్దామని మర్నాడు పొద్దున యంత్రం తెరిస్తే అందులో పేరు శుభ్రంగా ఉంటుంది. మా యజమాని కసావాంట్ మంచివాడే గానీ నోరు ఊరుకోదు. దిద్దినట్టు కలగన్నావేమోనని ఒకసారి నవ్వుతూ అనేశాడు. లొరైన్ నవ్వలేదు.

వాళ్లమ్మకు ఇదే వయసులో మతిమరుపు మొదలైంది. పొయ్యి మీద కెటిల్ పెట్టి మర్చిపోవడంతో మొదలై, చివరికి కూతురి పేరు మర్చిపోయేదాకా వెళ్లింది. ఊరందరికీ తెలిసిన సంగతే కాబట్టి షెడ్డులో ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఎత్తకపోవడమే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

"రెంజో, నాకూ మొదలైందేమోరా" అంది ఓ రోజు నాతో.

"పిచ్చి మాటలు మాట్లాడకు" అని కసిరాను. భయంలోంచి వచ్చిన కోపం అది.

ఏప్రిల్లో హాన్సెన్ ముసలాయన రాయి నా దగ్గరికొచ్చింది. మా వైపు చలికాలంలో పోయినవాళ్లను నేల మెత్తబడ్డాకే పూడుస్తారు. ఆయన పూడ్పు ఆ శనివారమే. పొద్దున యంత్రంలో పెట్టిన పేరు చివర 'సెన్' ఉండాల్సిన చోట 'సన్' పడిందని ఆయన భార్య నమూనా చూసి ఫోన్ చేస్తే, లొరైన్ నన్ను పిలిచి పక్కన నిలబెట్టుకుని మరీ దిద్దింది. తన కళ్ల మీద తనకే నమ్మకం పోయింది పాపం. ఇంగ్లిషు 'ఓ' తీసి 'ఈ' పెట్టడం నేను చూశాను.

ఇసుక కొట్టేముందు పేరును వెనక నుంచి ముందుకు చదవడం మా నాన్న నేర్పిన అలవాటు. ముందు నుంచి చదివితే కన్ను తనకు కావలసిందే చదువుకుంటుంది. రబ్బరు మీద వేలు పెట్టి చదివాను. 'ఎన్'. 'ఓ'. ఇసుక గొట్టం కింద పడేసి ఆఫీసుకు పరుగెత్తాను. లొరైన్ తెర మీద 'ఈ' ఉంది. కోత యంత్రం తెర మీద 'ఓ' ఉంది. ఫైలు మాత్రం ఒక్కటే.

"ఈసారి నేను చూశాను. నాకూ మతి పోయిందనండి మరి" అన్నాను కసావాంట్‌తో. ఆయన వెంటనే బర్లింగ్టన్ నుంచి నెట్‌వర్కులు బాగుచేసే ఓడెట్ అనే అమ్మాయిని పిలిపించాడు.

ఓడెట్ వచ్చి రెండు తెరలూ చూసింది. దిద్దాక ఇంకేమైనా చేస్తారా అని లొరైన్‌ని అడిగింది. తారీఖు వెనక్కి పెడతానంది లొరైన్. మా దగ్గర ఏ రాయి ముందో ఫైలు తారీఖే చెబుతుంది. దిద్దితే తారీఖు కొత్తదైపోయి ఆ కుటుంబం వరస చివరికి పోతుంది. తప్పు మనదైతే వాళ్లెందుకు ఆగాలని లొరైన్ ప్రతిసారీ పాత తారీఖే మళ్లీ పెట్టేది. అంత ఓపిక మాలో ఇంకెవరికీ లేదు.

ఓడెట్‌కు నవ్వాగలేదు. కోత యంత్రం ఒకసారి తెచ్చుకున్న ఫైలుకు కాపీ ఒకటి తన దగ్గర ఉంచుకుంటుందట. మళ్లీ తెరిచేటప్పుడు తారీఖు మారిందా, సైజు మారిందా అని మాత్రం సర్వర్‌ను అడుగుతుందట. రెండూ మారకపోతే తన కాపీతోనే పని కానిచ్చేస్తుంది. అక్షరం తీసి అక్షరం పెడితే సైజు మారదు, తారీఖును లొరైన్ మారనివ్వదు. అక్షరాలు పెరిగిన పేర్లూ, తగ్గిన పేర్లూ అందుకే సరిగ్గా వచ్చాయి. సాయంత్రం యంత్రం ఆపేస్తే ఆ కాపీ పోతుంది కాబట్టి పొద్దున్నే అంతా బాగుండేది.

"ఇంకోసారి చెప్పమ్మా" అంది లొరైన్.

ఓడెట్ మళ్లీ చెప్పింది.

"అంటే మర్చిపోయింది నేను కాదు."

"మీరు కాదండీ. మీరు దిద్దారు. అది కొత్తది చూడలేదు, అంతే."

లొరైన్ అక్కడే రాతి దిమ్మ మీద కూలబడి, అందరూ చూస్తుండగా ఏడ్చింది. నా గుండెల మీంచీ బరువు దిగింది. ఆమెను నిజంగానే పోగొట్టుకుంటున్నామని ఇన్నాళ్లూ భయపడ్డాను. కసావాంట్ టోపీ తీసి, నేనన్న మాట పట్టించుకోకు లొరైన్ అని గొణిగాడు. ఇకమీదట వరసకు వేరే నంబర్లు వేస్తామన్నాడు. ఓడెట్ పాత కాపీని తీసేయించింది. కొత్త రబ్బరు కోయించి, వెనక నుంచి చదివి, హాన్సెన్ పేరు మీద ఇసుక కొట్టాను.

నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి లొరైన్ తన కూతురికి ఫోన్ చేస్తోంది. ఈమధ్య లొరైన్ షెడ్డుకు నడిచి వస్తుంటే, నడక ఒంటికి మంచిదని కాబోలు అనుకున్నాం మేమంతా. ఇంటిదారి మర్చిపోతానేమోనన్న భయంతో మార్చిలోనే కారు కూతురికి అప్పగించేసిందట.

"మిషెల్, సాయంత్రం నా కారు తాళాలు తెచ్చియ్యి" అంటోంది. "ఆదివారం పిల్లల్ని చూడ్డానికి నేనే వస్తాను. లేదమ్మా, ఎవరూ రానక్కర్లేదు. దారి నాకు తెలుసు."