నా చెంబులోని నీళ్ళు

పాతికేళ్ళు దాటింది ఈ బరువు మోయబట్టి. మోస్తున్నానని కూడా ఎవరికీ తెలియనివ్వలేదు. నేనెవరో మీకు చెప్పను, మీరెవరో నాకు తెలియదు. అందుకే కాస్త ధైర్యంగా ఉంది. పూర్తిగా వినేదాకా మాత్రం నన్ను మంచివాడనీ చెడ్డవాడనీ అనకండి. ఆ రెండూ నా గురించి నేనే చాలాసార్లు అనుకున్నాను.

గోదావరి కాలవ గట్టు మీది ఒక ఊళ్ళో క్రైస్తవ గుడికి నేను ఉపదేశిని. స్వామివారు రాని రోజుల్లో ప్రార్థన చెప్పించడం, పిల్లలకు జపాలు నేర్పడం, ప్రాణం మీదికి వచ్చిన బిడ్డకు తల మీద నీళ్ళు పోసి జ్ఞానస్నానం ఇవ్వడం నా పని. మాది సేద్యం చేసుకునే కుటుంబం. మా నాన్న కాలంలో క్రైస్తవంలో కలిశాం. దేవుణ్ణి మార్చుకున్నాం గాని కులాన్ని మార్చుకోలేదు. ఊరి బయట పేటవాళ్ళు కూడా మా గుడికే వచ్చేవాళ్ళు. వాళ్ళు ఒక పక్క, మేము ఒక పక్క మోకరించేవాళ్ళం. అది తప్పని నాకు తోచలేదు. తోచకపోవడం కూడా తప్పేనా? అవుననే ఇప్పుడు అనుకుంటున్నాను.

నాకు చదువు చెప్పింది ఫ్రెంచి దేశం నుంచి వచ్చిన ముసలి స్వామివారు. పాత లతీను పండితుల తర్కమంతా ఆయన నోట్లో ఉండేది. గుడి వసారాలో మమ్మల్ని కూర్చోబెట్టి, ఏ సంస్కారానికైనా పదార్థం, మాటలు, సంకల్పం మూడూ ఉండాలనీ, ఒక్కటి లోపించినా అది జరగనట్టేననీ చెప్పేవారు. జ్ఞానస్నానానికి పదార్థం నీరు. బావి నీరైనా, ఉప్పు నీరైనా, బురద తేరిన కాలవ నీరైనా సరే, నీరే కావాలి. మజ్జిగతో ఇస్తే? చెరుకు రసంతో ఇస్తే? ఇలా అడిగి మమ్మల్ని ఆటపట్టించేవారు. ఒకరోజు నేనే ఎదురడిగాను, కొబ్బరి నీళ్ళతో ఇవ్వవచ్చా అని. స్వామివారు పకపకా నవ్వి నా భుజం తట్టారు. అది కాయలో ఊరిన రసమేగాని నీరు కాదనీ, బిడ్డ ప్రాణం పోతున్నా అది పనికిరాదనీ చెప్పారు. మంచి ప్రశ్న అడిగానని తరవాత చాలా రోజులు మెచ్చుకున్నారు. నేను ఉబ్బిపోయాను.

కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం పేటనుంచి కబురొచ్చింది. శాంతమ్మ కొడుక్కి మూర్ఛలు వస్తున్నాయనీ, వాడు దక్కేలా లేడనీ. నెల కూడా నిండని పసివాడు. నేను గట్టు వెంట పరుగులాంటి నడక నడిచాను. దారిలో తెలిసిన రైతు ఒకాయన నా వగర్పు చూసి, బొండం కొట్టి ఆ నీళ్ళు నా ఇత్తడి చెంబులో పోశాడు. సగం తాగాను. మిగతా సగంతో పేట చేరాను.

గుడిసెలో బిడ్డ నీలంగా ఉన్నాడు. శాంతమ్మ నులకమంచం మీదనుంచి లేచి, మూలనున్న కడవ చూపించింది.

"నీళ్ళున్నాయండి. మా ఆయన ఇప్పుడే తెచ్చాడండి. ముంచమంటారా అండి?"

"వద్దులే. నా చెంబులో ఉన్నాయి."

ఇంతే. నా పాపమంతా ఆ మాటలోనే ఉంది.

ఆ కడవలో నేను చెంబు ముంచలేదు. ఆ నీళ్ళు నా చెంబుకు తగిలితే చెంబు ఊళ్ళోకి ఎలా తీసుకెళ్ళను అన్నదే అప్పుడు నా మనసులో ఉంది. కాలవ గుమ్మానికి ఎదురుగానే ఉంది, కాని అక్కడ నీళ్ళు ముంచే రేవు పేటవాళ్ళది. అయినా నా చెంబులో ఉన్నాయని అప్పటికే అనేశాను కదా. బిడ్డను తాకకుండా పైనుంచి కొబ్బరి నీళ్ళు ధారగా పోస్తూ మాటలన్నీ తప్పు లేకుండా పలికాను. వాడికి ఇన్నాసి అని పేరు పెట్టాను. ఎలాగూ ఇంకాసేపట్లో పోయే బిడ్డే, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను. పైలోకానికి వెళ్ళే పసివాణ్ణి ఉత్త చేతులతో పంపించి, ఆ తల్లి నాకు దణ్ణం పెడుతుంటే తల ఊపాను.

బిడ్డ చనిపోలేదు.

స్వామివారు వచ్చినప్పుడు వాణ్ణి గుడికి తెచ్చారు. జ్ఞానస్నానంలో మిగిలిన తైలాభ్యంగనం, అంటే నూనె రాసే తంతు, ఆయన చేయాలి. నీళ్ళు సరిగా పోశావా అని నన్ను అడిగారు. పోశానండి అన్నాను. ఆయన నన్ను నమ్మి మళ్ళీ నీళ్ళు పోయలేదు. ఆ నమ్మకంతోనే కొన్నేళ్ళకు కన్నుమూశారు.

అప్పటినుంచి నా తర్కమంతా నాకోసమే వాడుకున్నాను. కంగారులో జరిగింది అనుకున్నాను. కంగారైతే కడవ వద్దని అంత నిదానంగా ఎలా అన్నావు అని నేనే అడిగాను. దేవుడు మనల్ని సంస్కారాలకు కట్టాడు గాని తనను కట్టేసుకోలేదని స్వామివారు చెప్పేవారు కదా, ఆ మాటను దుప్పటిలా కప్పుకుని పడుకున్నాను. మాట నిజమే. కాని అది జ్ఞానస్నానం అందకుండానే బిడ్డను పోగొట్టుకున్న తల్లులకు ఓదార్పుగా చెప్పిన మాట, నాకోసం కాదు. స్వామివారి చెవిలో పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనంలో 'అబద్ధాలాడాను స్వామీ' అని ఈ ఒక్క అబద్ధాన్నీ మిగతా చిల్లర అబద్ధాల గుంపులో కలిపేశాను. పాపాన్ని తూచేటప్పుడు చేసిన పని, ఉద్దేశం, సందర్భం మూడూ చూడాలని పిల్లలకు నేర్పుతూనే ఆ మూడూ దాచాను. ఎంత సిగ్గులేనితనం!

ఇన్నాసి పెరిగాడు. చురుకైనవాడు. నా దగ్గరే అక్షరాలు దిద్దాడు. తనూ స్వామి కావాలని గురువిద్యకు వెళ్ళాడు. ఆ పేటనుంచి వెళ్ళిన మొదటివాడు వాడే. కోతలయ్యాక వాడికి గురుపట్టం. మా వీధిలో అది చాలామందికి మింగుడుపడలేదు. నాకు మాత్రం సంతోషంతోపాటు భయం పట్టుకుంది. జ్ఞానస్నానం లేనివాడికి పట్టం కట్టినా అది పట్టం కాదు. వాడు చెప్పే పూజ పూజ కాదు, వాడిచ్చే పాపక్షమాపణ క్షమాపణ కాదు. నమ్మి వచ్చి మోకరించే జనమంతా నా చెంబు పాలవుతారు. ఇప్పుడు చెబితే వాడి మీద ఓర్వలేక చెప్పానంటారేమో? అననీ. చెప్పకపోతే ఇంకెప్పుడు?

ఇవాళ పొద్దున పేటకు, శాంతమ్మ ఇంటికి వెళ్ళాను. ఇన్నాసి సెలవుకు వచ్చి ఉన్నాడు. అరుగు మీద కూర్చున్నాను. దాహంగా ఉంది, కాసిని మంచినీళ్ళివ్వమ్మా అన్నాను శాంతమ్మతో. ఆమె బిత్తరపోయింది. ఇన్నేళ్ళలో ఆ ఇంట నేనెప్పుడూ నీళ్ళు తాగలేదు.

"మీ చెంబులో లేవాండి?"

"లేవమ్మా. ఆ రోజు కూడా లేవు."

ఆ తరవాత అంతా చెప్పాను. కొబ్బరి నీళ్ళ సంగతీ, కడవ ఎందుకు వద్దన్నానో ఆ సంగతీ. శాంతమ్మ ఒక్కటే అడిగింది, బిడ్డ పోతాడనుకునే పోశారా అండి అని. అవునన్నాను. ఆమె ముఖం తిప్పుకుంది. క్షమించాననలేదు. అడిగే ముఖం నాకూ లేదు.

ఇన్నాసి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నన్ను తిడతాడేమో అనుకున్నాను, తిడితే బాగుండు అనుకున్నాను. వాడు మాత్రం నా చేయి పట్టుకుని లేపి, రేపు పడవలో ఇప్పటి స్వామివారి దగ్గరికి వెళ్దాం, మీరూ వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి అన్నాడు. వాడి చేయి నా చేతికి తగలడం అదే మొదలు.

నేను వచ్చేస్తుంటే శాంతమ్మ కడవ తోముతోంది. స్వామివారి గుడిలో బావి ఉందమ్మా, నీళ్ళు తీసుకెళ్ళక్కర్లేదు అన్నాను. ఆమె వినిపించుకోలేదు. రేవులోకి దిగి కడవ నింపుకుని, మూత పెట్టి, గుమ్మం పక్కన పెట్టింది. నేనడిగిన నీళ్ళు మాత్రం ఇవ్వలేదు.

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. శిక్ష ఏం పడుతుందో తెలియదు. ఉపదేశి పని పోవచ్చు, మా వీధి నన్ను వెలివేయవచ్చు. అయినా చాన్నాళ్ళకు గుండె తేలిగ్గా కొట్టుకుంటోంది. రేపు ఇన్నాసి తల మీద వాళ్ళమ్మ కడవలోని నీళ్ళు పడతాయి. అంతకుముందు స్వామివారు నన్ను అడుగుతారు, అప్పుడు ఏం పోశావు అని. ఈసారి చెబుతాను.