సోమ, బుధ, శుక్రవారాలు

మా డేటాబేస్ మేడం పోయారు. మొన్న శుక్రవారం డయాలసిస్‌కి రావలసిన మనిషి రాలేదని నేనే ఫోన్ చేశాను. వాళ్ళ చెల్లెలు ఎత్తింది. ఆటో ఎక్కబోతూ ఇంటి ముందే పడిపోయారని, ఆసుపత్రిదాకా కూడా వెళ్ళలేదని చెప్పింది.

నూజివీడులో డిగ్రీ చదివేటప్పుడు ఆవిడ మాకు రెండేళ్ళు పాఠం చెప్పారు. ఎడమచేతిని చీర కొంగులో దాచుకుని బోర్డు మీద రాసేవారు. క్లాసులన్నీ మంగళ, గురు, శనివారాల్లోనే ఎందుకు పెట్టుకునేవారో మేమెప్పుడూ అడగలేదు. మామిడి రోజుల్లో ఎవరో ఒకరు తోటలోంచి రసాలు తెచ్చి బల్ల మీద పెట్టేవాళ్ళు. ఆవిడ ఒక పండు తీసుకుని, ముచ్చిక దగ్గర వాసన చూసి, తిరిగి ఇచ్చేసేవారు. కిడ్నీలు పాడైనవాళ్ళు మామిడిపండు తినకూడదని ఈ ఉద్యోగంలో చేరాకే నాకు తెలిసింది.

నా పని ఒక చిన్న డయాలసిస్ కేంద్రంలో, కంప్యూటర్ ముందు. మొదట్లో ఒక్కొక్కరి వంతునీ తేదీ తేదీకీ విడిగా ఎక్కించేదాన్ని. నెల మారితే మళ్ళీ మొదటినుంచీ. ఒకసారి ఒక వారం ఎక్కించడం మరిచిపోయాను. ఖాళీగా కనిపించిన వంతుని ఇంకొకరికి ఇచ్చేశారు. ఆగిరిపల్లి నుంచి బండి వెనక కూర్చుని వచ్చిన ఒక ముసలాయన సాయంత్రందాకా బెంచీ మీద ఆయాసపడుతూ ఉండిపోయాడు. ఆ రోజు డయాలసిస్‌కి వచ్చిన మేడం అదంతా చూసి నా దగ్గరికి వచ్చారు. తిట్టలేదు.

"జరిగే ప్రతి రోజునీ రాయకమ్మా. ఎలా మళ్ళీ మళ్ళీ జరుగుతుందో అది ఒక్కసారి రాయి," అన్నారు.

ఆ తర్వాత కొన్ని వారాలు, ఆ ఎడమచేతికి సూదులు ఉండగానే, మంచం మీంచి నాకు చెప్పి చేయించారు. మనిషికి ఒక వరుస: వారంలో ఏ రోజులు, ఏ వంతు, ఎప్పటినుంచి, ఎప్పటిదాకా. రాని రోజులకీ, మార్చుకున్న రోజులకీ వేరే టేబుల్. ఏదైనా తేదీ అడిగితే ఆ రోజు రావలసినవాళ్ళని తీసుకుని, రానివాళ్ళని తీసేసి, మార్చుకున్నవాళ్ళని కలపాలి. ఆవిడ వరుసలో ముగింపు తేదీ దగ్గర నేను సంవత్సరాఖరు వేస్తే చెరిపించారు. తెలియనిదాన్ని తెలియనట్టే ఖాళీగా వదలమన్నారు.

చివరగా ఖాళీ వంతులేవో కంప్యూటర్‌ని అడిగే క్వెరీ రాశాను. ఎంతోమంది వారానికి మూడుసార్లు విజయవాడ బస్సెక్కుతూ మా దగ్గర వంతు కోసం కాచుకుని ఉన్నారు. నడిపితే ఒక్క వరుస కూడా రాలేదు. తప్పు రాశానేమోనని ఆవిడకి చూపించాను.

"క్వెరీ సరిగ్గానే ఉందమ్మా. ఖాళీ లేదు, అంతే."

అందులో ఏదైనా రావాలంటే ఎవరిదో ఒకరిది ముగింపు తేదీ పడాలి. అది మా ఇద్దరికీ అప్పుడే అర్థమైంది. ఆవిడ నేర్పిన పద్ధతి ఈ రోజుకీ తప్పు లేకుండా నడుస్తోంది. ఆ రుణం నాకు గుర్తుంది. కానీ దానివల్ల మాకు ఒక్క మిషన్ కూడా ఎక్కువ రాలేదు.

సోమవారం ఆవిడ వరుసలో తేదీ వేశాను. క్వెరీలో సోమ, బుధ, శుక్రవారాల మూడు వంతులు వచ్చాయి. కాచుకున్నవాళ్ళలో మొదటి పేరు మైలవరం అవతల ఊళ్ళో ఒకావిడది. ఫోన్ చేస్తే ఆమె భర్త ఎత్తాడు.

"మా ఆవిడ పోయి పన్నెండు రోజులైందండీ. ఇంకెవరికన్నా ఇచ్చెయ్యండి," అన్నాడు. తర్వాత తనే అడిగాడు. "ఎవరన్నా నయమై వెళ్ళిపోయారా అండీ?"

అవునండీ అన్నాను.

మధ్యాహ్నం రెండో పేరు మనిషి వచ్చాడు. తోటలోంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, వేళ్ళ నిండా మామిడి సొన మరకలు. నర్సు చెప్పకముందే మంచం మీద పడుకుని, చొక్కా చెయ్యి పైకి మడిచి, గోడవైపు తిరిగాడు.